ఫ్రీజర్‌లో దాచిన మామిడి ‘పై’ విషమా? ఒక వాట్సాప్ సందేశానికి ఖండన

మామిడి పైలను ముందుగా చేసి ఫ్రీజర్‌లో దాచుకోవడమంటే ఇంటిల్లిపాదికీ విషం పెట్టడమేనని చెప్పే ఒక సందేశం ఈ జూలైలో తిరుపతిలోని మా కాలనీ వాట్సాప్ గ్రూపునకు మూడు వేర్వేరు చోట్ల నుంచి వచ్చి చేరింది. అందులోని వాదాలు క్లుప్తంగా ఇవి: ఫ్రీజర్‌లో 24 గంటలు దాటిన పైలో సూక్ష్మజీవులు రెట్టింపవుతూ పోతాయి; గడ్డకట్టిన పండులో పోషకాలేవీ మిగలవు; కాల్చే ముందు పైని బయట పెట్టి పూర్తిగా మెత్తబడనివ్వకపోతే లోపల పచ్చిగా ఉండిపోతుంది; కరెంటు ఒక గంట పోయినా ఫ్రీజర్‌లో ఉన్నదంతా పారవేయాలి; శ్రీవారి లడ్డూ ఫ్రిజ్ లేకుండానే రోజుల తరబడి నిలవ ఉంటుంది గనుక మన వంటలకు ఫ్రీజర్ అవసరమే లేదు. వీటికి తోడు, తెల్లని మచ్చలు పడిన ఒక పై ఫొటో పెట్టి దాని కింద ‘ఫ్రీజర్ బూజు’ అని రాశారు.

పై అంటే తెలియని వారి కోసం ఒక మాట చెప్పాలి. మైదాలో చల్లని వెన్న కలిపి చేసిన పిండిని పలుచగా వత్తి, లోతు పళ్లెంలో పరచి, పూర్ణం నింపి, మీద మరొక పొర కప్పి ఓవెన్‌లో కాల్చే పాశ్చాత్య వంటకం అది; పళ్లెమంత కజ్జికాయను నూనెలో వేయించకుండా కాల్చినట్లు ఊహించుకుంటే దాదాపు సరిపోతుంది. (ఈ పేరును తెలుగులో రాయడమే ఒక ఇబ్బంది; దాని మీది పొరను ‘పై పైపొర’ అనవలసి వస్తుంది.) ఇది మా ఇంట్లోకి తోతాపురి కాయల వెంట వచ్చింది. చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే ఈ కాయలు జూన్, జూలై నెలల్లో ఒక్కసారిగా వచ్చిపడతాయి. 2025లో ధర ఎంతగా పడిపోయిందంటే, ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు కిలోకు 12 రూపాయలైనా దక్కేలా ఏర్పాటు చేయవలసి వచ్చింది. తోట ఉన్న బంధువులు గోతాలకు గోతాలు పంపితే ఊరగాయ పెట్టి, తాండ్ర పోసి, ఇంకా మిగిలిన వాటితో నేను పైలు చేసి, బ్రహ్మోత్సవాలకు వచ్చే చుట్టాల కోసం ఫ్రీజర్‌లో దాచడం మొదలుపెట్టాను. అందువల్ల ఈ సందేశాన్ని చూసీ చూడనట్లు వదిలివేయలేకపోయాను.

సూక్ష్మజీవులు రెట్టింపవుతాయన్న మొదటి వాదం ఫ్రిజ్‌నూ ఫ్రీజర్‌నూ ఒకటిగా భావించడం వల్ల పుట్టింది. ఫ్రిజ్ అరలలో ఉష్ణోగ్రత సుమారు 4 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అక్కడ సూక్ష్మజీవుల పెరుగుదల నెమ్మదిస్తుందే తప్ప ఆగదు, లిస్టీరియా వంటి బ్యాక్టీరియా ఆ చలిలోనూ పెరుగుతుంది. వండిన పదార్థాన్ని ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉంచవద్దని చెప్పేది అందుకే. ఫ్రీజర్ ఉండవలసినది మైనస్ 18 డిగ్రీల వద్ద. ఆ చలిలో పదార్థంలోని నీరు మంచుగా మారిపోయి, సూక్ష్మజీవులు పెరగడానికి కావలసిన తేమ వాటికి అందదు. కాబట్టి 24 గంటలు కాదు, 24 వారాలు గడిచినా వాటి సంఖ్య పెరగదు. ఆ కాలంలో తగ్గేది రుచి, పిండి కరకరలు మాత్రమే. పండ్ల పైని మూడు నాలుగు నెలల్లోపు వాడుకోవాలనే గడువు కూడా రుచి కోసం పెట్టుకున్నదే. అయితే ఫ్రీజర్ సూక్ష్మజీవులను చంపదు. లోపలికి వెళ్లినవి వెళ్లినట్లే ఉండి, మళ్లీ వెచ్చబడగానే పని మొదలుపెడతాయి. పచ్చి మైదాలోనూ హానికర బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది గనుక, ఫ్రీజర్‌లో నుంచి తీసిన పచ్చి పిండి ముక్కను పిల్లలు నోట్లో వేసుకోకుండా చూడాలి.

అసలు జాగ్రత్త పడవలసిన చోటును సందేశం పూర్తిగా విస్మరించింది. అది ఫ్రీజర్‌లోకి వెళ్లే ముందు గడిచే సమయం. వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచకూడదని, వాతావరణం 32 డిగ్రీలు దాటితే ఒక గంటకు మించి ఉంచకూడదని ఆహార భద్రతా నిపుణులు చెబుతారు. తిరుపతి వేసవిలో 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. జూలైలో కూడా మధ్యాహ్నం వంటింట్లో 32 డిగ్రీల కంటే తక్కువ ఉండే రోజులు అరుదు. అంటే మనకు వర్తించేది ఎప్పుడూ ఆ ఒక్క గంట నియమమే. ఉడికించిన మామిడి పూర్ణాన్ని పొయ్యి మీద నుంచి దించి, ‘అదే చల్లారుతుందిలే’ అని మూతపెట్టి మధ్యాహ్నమంతా వదిలేయడమే ప్రమాదం. వెడల్పు పళ్లెంలో పలుచగా పరచి, ఆ పళ్లేన్ని ఐస్ ముక్కలు వేసిన నీళ్ల బేసిన్‌లో ఉంచితే అరగంటలోపే చల్లబడుతుంది. పొగలు కక్కుతున్న గిన్నెను నేరుగా ఫ్రీజర్‌లో పెట్టడమూ తప్పే, దాని వేడికి పక్కన ఉన్నవి కూడా మెత్తబడతాయి.

ఇంకొక మినహాయింపు న్యాయంగా ఒప్పుకోవాలి. ఒంటి తలుపు ఫ్రిజ్‌లలో పైన ఉండే చిన్న ఐసు అర అన్ని వేళలా మైనస్ 18కి దిగుతుందని నమ్మలేము, పదే పదే తలుపు తీసే ఇళ్లలో మరీను. అందులో పెట్టిన ఐస్‌క్రీమ్ రాయిలా గట్టిగా నిలవకపోతే ఆ అర నెలల తరబడి దాచడానికి పనికిరాదు.

ఇక ఆ ఫొటో సంగతి. మైనస్ 18 డిగ్రీల వద్ద బూజు పెరగదు. ఫొటోలో కనిపించే తెల్లని, ఎండిన మచ్చలు చలికి పట్టిన పొడిబారుతనం. సరిగా చుట్టని పదార్థం మీది మంచు నీరుగా మారకుండానే నేరుగా ఆవిరై పోతుంది. ఆ భాగం బెండులా ఎండి తెల్లబడుతుంది. తింటే అట్టముక్క నమిలినట్లు ఉంటుంది కానీ జబ్బు చేయదు. దీన్ని నివారించాలంటే పైని ముందు విప్పి ఉంచి రాయిలా గడ్డకట్టనిచ్చి, తర్వాత గాలి చొరకుండా బటర్ పేపరుతో ఒకసారి, దాని మీద అల్యూమినియం ఫాయిల్‌తో మరొకసారి చుట్టి, తేదీ రాసి పెట్టాలి. మామిడి పులుపు ఫాయిల్‌ను తినేస్తుంది గనుక రెండింటికీ మధ్య ఆ కాగితం తప్పనిసరి.

లడ్డూ వాదం వినడానికి బాగుంటుంది, అందుకే అది ఎక్కువ మందిని నమ్మిస్తున్నట్లుంది. కానీ శ్రీవారి లడ్డూ నిలవ ఉండడానికి కారణం దాని తయారీలోనే ఉంది. శనగపిండి బూందీని నేతిలో వేయించడంతో తేమ చాలావరకు పోతుంది. మిగిలిన కాస్త తేమను పంచదార పాకం తనలో పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులకు దక్కనివ్వదు. ఊరగాయలో ఉప్పూ నూనే, తాండ్రలో ఎండా చేసే పని అదే. పూర్ణంలో నీరు నిండుగా ఉండే పైకి ఆ రక్షణ ఏదీ లేదు. దానికి లడ్డూ నియమం వర్తింపజేసి మూడు రోజులు డబ్బాలో ఉంచితే, సందేశం భయపెట్టిన బూజు అప్పుడు నిజంగానే కనిపిస్తుంది. తడి ఉన్న వంటకం నిలవ ఉండాలంటే ఆ తడిని తీసివేయాలి, లేదా కట్టిపడేయాలి. ఫ్రీజర్ చేసేది ఈ రెండవ పని.

పోషకాల మాట త్వరగా తేల్చవచ్చు. గడ్డకట్టడం వల్ల పిండిపదార్థాలు, ఖనిజాలు, పీచు ఎక్కడికీ పోవు. విటమిన్ సి కొంత తగ్గుతుంది, అయితే అందులో ఎక్కువ భాగం ముక్కలను ఉడికించేటప్పుడే పోతుంది, అప్పటికప్పుడు చేసుకుని తినే పైలోనూ పోతుంది. విటమిన్ల కోసం వెన్న, పంచదార వేసిన పైని ఆశ్రయించే వారెవరూ ఉండరనుకుంటాను.

కాల్చే ముందు పూర్తిగా మెత్తబడనివ్వాలన్న సలహా వీటన్నింటిలోకీ ఎక్కువ నష్టం చేసేది, ఎందుకంటే అది భయపెట్టదు, నమ్మకంగా చెడగొడుతుంది. వెన్న సుమారు 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. పిండిలో వెన్న చిన్న చిన్న ముక్కలుగా నిలిచి ఉండి, ఓవెన్ వేడికి ఒక్కసారిగా కరిగి, అందులోని నీరు ఆవిరై పొరలను విడదీసినప్పుడే పై పెళపెళలాడుతుంది. మన ఊళ్లో పచ్చి పైని పూర్తిగా మెత్తబడే దాకా బల్ల మీద ఉంచితే ఆ వెన్న ఓవెన్ చూడకముందే పిండిలో ఇంకిపోతుంది. పూర్ణంలోని రసం అడుగు పొరను నానబెడుతుంది. గడ్డకట్టిన పైని గడ్డకట్టినట్లే కాల్చాలి. మొదట 230 డిగ్రీల వద్ద 15 నుంచి 20 నిమిషాలు, తర్వాత 190కి తగ్గించి మీది పొర ఎర్రబడి, మధ్యలో పూర్ణం కుతకుతలాడే వరకు ఉంచాలి. అలా ఉడుకు బయటికి కనిపిస్తే లోపల పచ్చిగా ఉండే ప్రశ్నే రాదు. కన్వెక్షన్ మైక్రోవేవ్‌లలో కొన్నింటికి 200 డిగ్రీలే గరిష్ఠం గనుక వాటిలో ఇంకాస్త సేపు పడుతుంది. ఆవిరి పోవడానికి మీది పొరకు పెట్టే గాట్లు దాచే ముందు కాదు, కాల్చే ముందే పెట్టాలి. గాజు పళ్లెంలో దాచిన పైని మాత్రం వేడి ఓవెన్‌లో పెట్టకూడదు, పళ్లెం పగిలిపోగలదు. అల్యూమినియం పళ్లెం వాడుకోవడం మేలు.

మా ఇంట్లో మొదటి ఏడాది పైలు అడుగున తడిసి జావలా తయారయ్యాయి. అది ఫ్రీజర్ దోషమని నేనూ కొంతకాలం నమ్మాను. కారణం మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్). పూర్ణం చిక్కబడడానికి వేసే ఆ పిండి గడ్డకట్టి కరిగినప్పుడు పట్టిన నీటిని వదిలేస్తుంది. కర్రపెండలం పిండి ఆ విషయంలో చాలా మెరుగు. మనకు సేలం వైపు నుంచి వచ్చే సగ్గుబియ్యం తయారయ్యేది దానితోనే గనుక, సగ్గుబియ్యాన్ని మెత్తగా పొడి చేసి మామూలు కంటే ఒక చెంచా ఎక్కువగా వేస్తే సమస్య తీరింది. ఇంటి ఫ్రీజర్ నెమ్మదిగా గడ్డకట్టిస్తుంది, దానివల్ల పెద్ద మంచు పలుకులు ఏర్పడి పండు కణాలను చీలుస్తాయి. అందుకని రసం కారే బేనీషా (బంగినపల్లి) కంటే దోరగా ఉన్న తోతాపురి ముక్కలే నయం.

నిజానికి ఫ్రీజర్‌కు పనికిరాని పైల గురించి హెచ్చరించి ఉంటే ఆ సందేశానికి నేనే ప్రచారం చేసేవాడిని. పాలు, గుడ్లతో చేసే కస్టర్డ్ పై కరిగినప్పుడు విరిగిపోతుంది, గుడ్డు తెల్లసొన నురుగు కప్పినది సాగి నీరు వదులుతుంది, ఉడికించిన బంగాళదుంప ముక్కలు పలుకుగా మారుతాయి. ఇవి చేసిన రోజే తినవలసినవి.

చివరిది కరెంటు. తలుపు తీయకుండా ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండినది సుమారు 24 గంటలు చలిని నిలుపుకుంటుంది. గంటా రెండు గంటల కోతకు ఏదీ పారవేయనక్కరలేదు. కరెంటు వచ్చాక పైలో ఇంకా మంచు పలుకులు తగులుతుంటే మళ్లీ గడ్డకట్టించవచ్చు, కాకపోతే అప్పుడే కాల్చుకుంటే రుచి దక్కుతుంది. ఊరు వెళ్లేవారికి ఒక చిట్కా ఉంది: గిన్నెలో నీళ్లు పోసి గడ్డకట్టించి, మంచు మీద ఒక రూపాయి నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచాలి. తిరిగి వచ్చేసరికి నాణెం మంచు మీదే ఉంటే పైలు భద్రం. నాణెం గిన్నె అడుగుకు చేరి, దాని మీద నీళ్లు మళ్లీ గడ్డకట్టి కనిపిస్తే, మనం లేనప్పుడు అన్నీ కరిగి మళ్లీ గడ్డకట్టాయన్నమాట. అప్పుడు మాత్రం సందేశం చెప్పినట్లే అన్నీ పారవేయాలి.