స్టోర్ సైన్ ఇన్ అవ్వకపోతే ఫార్మాటేనా? ముందు గడియారం చూడండి సామీ

మూడు రోజుల్నుంచి మా వీధి గ్రూపులో, చిన్నాయన వాళ్ల గ్రూపులో, ఆఖరికి మా పాప స్కూలు పేరెంట్స్ గ్రూపులో కూడా ఒకటే మెసేజ్ తిరుగుతా ఉంది. చూడనివాళ్ల కోసం దాని సారం చెప్తా. కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ స్టోర్ సైన్ ఇన్ అవ్వలేదంటే మీది డూప్లికేట్ విండోస్ అని కంపెనీ బ్లాక్ చేసిందంట, ఫార్మాట్ ఒక్కటే దారంట, అందాకా ఫైర్‌వాల్, యాంటీవైరస్ ఆపేయాలంట, పాత అకౌంట్ డిలీట్ చేసి కొత్తది తెరవాలంట, నెట్ ప్లాన్ పెంచుకోవాలంట, ఇవేవీ కుదరకపోతే కింద లింకులో స్టోర్ సెటప్ ఉందంట దింపుకోవాలంట. చివర్లో మామూలే, పది మందికి పంపండి.

నేను తిరుపతిలో ఈ కంప్యూటర్ రిపేర్లు చేసుకోనే బతుకుతా ఉండా. ఫార్మాట్ అంటే నాకే నాలుగు రూపాయలు వస్తాయి, అయినా చెప్తా ఉండా, ఆ మెసేజ్‌లో ఒక్క సగం మాట తప్ప ఏదీ నిలబడదు.

ముందు ఫార్మాట్ సంగతి. పోయిన నెల కొర్లగుంట నుంచి రిటైరైన అయ్యవారు ఒకాయన స్కూటీ ముందర పాత సీపీయూ పెట్టుకోని వచ్చినాడు. కూతురు బయట దేశంలో ఉంది, పెద్ద స్క్రీన్లో మాట్లాడాలని స్టోర్లో నుంచి వాట్సాప్ వేసుకోవాలంటే సైన్ ఇన్ కావట్లేదు. "నాయినా, వేరే చోట రెండుసార్లు ఫార్మాట్ కొట్టించినా, సాయంత్రం దాకా బాగానే ఉంటుంది, పొద్దున్నే మళ్లీ మొదటికొస్తుంది" అన్నాడు. ఆ ముక్క వినంగానే నాకు సగం అర్థమైపోయింది. "సార్, రాత్రి గోడ దగ్గర స్విచ్ ఆపేస్తారా?" అంటే "ఆపకుండా ఎట్లా, కరెంటు బిల్లు ఎవరు కడతారు" అన్నాడు. ఆన్ చేసి చూస్తే కుడిపక్క కింద మూల 2012 జనవరి 1 అని ఉంది.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళ మాదిరి ఒక సెల్ ఉంటుంది, సీఆర్2032 అంటారు, 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది చచ్చిపోతే స్విచ్ ఆపిన ప్రతిసారీ తేదీ పాతకాలానికి పోతుంది. ఫార్మాట్ కొట్టిన ఆయన టైమ్ కూడా సరిచేసుంటాడు కదా, అందుకే సాయంత్రం దాకా బాగుండింది. బాగు చేసింది ఫార్మాట్ కాదు, ఆ టైమ్ మార్చడం! వాచీల కొట్లో కూడా దొరికే సెల్లు అది, ప్లస్ గుర్తు పైకి పెట్టి నొక్కితే టక్కుమని కూర్చుంది, తేదీ పెట్టినాం, సైన్ ఇన్ అయిపోయింది. ఆయన మాత్రం రెండు ఫార్మాట్లలో పోయిన పాత ఫోటోల గురించే అడుగుతా ఉండాడు, దానికి నా దగ్గర జవాబు లేదు.

తేదీకి సైన్ ఇన్‌కి ఏం సంబంధం అంటారా, మన ఊరోళ్లకి చెప్పడం సులభమే. 300 రూపాయల దర్శనం టికెట్ మీద తేదీ, టైమ్ ఉంటాయి కదా, గేటు దగ్గర అది చూసే పంపిస్తారు. అట్లే స్టోర్ సర్వర్ కూడా మీ కంప్యూటర్‌కి ఒక సర్టిఫికెట్ చూపిస్తుంది, దానిమీద ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లుతుందని ఉంటుంది. ఇక్కడ గేటు దగ్గర నిలబడింది మీ కంప్యూటరే. దాని చేతి వాచీలో 2012 ఉంటే ఇప్పటి టికెట్ ఎట్ల ఒప్పుకుంటుంది? వెనక్కి పంపేస్తుంది. ఎర్రర్ కోడ్ చివర్లో 72ఎఫ్8ఎఫ్ అనో 72ఎఫ్05 అనో కనిపిస్తే మొట్టమొదట చూడాల్సింది ఇదే.

ఇంకో మోసం ఉంది ఇందులోనే, టైమ్ కరెక్టుగా కనిపిస్తుంది గానీ టైమ్ జోన్ అమెరికాది ఉంటుంది. కొత్తగా విండోస్ వేసినప్పుడు పసిఫిక్ టైమ్ అని ఉండిపోతే, గోడ గడియారం చూసి ముల్లు మార్చేస్తారు గానీ జోన్ మార్చరు. అప్పుడు చూసేదానికి పొద్దున పదే, లోపల మాత్రం కంప్యూటర్ పన్నెండున్నరో పదమూడున్నరో గంటలు ముందుకెళ్లిపోయి ఉంటుంది, సర్టిఫికెట్ దగ్గర గట్టెక్కినా సైన్ ఇన్ టోకెన్ల దగ్గర (లాగిన్ అయినప్పుడు సర్వర్ ఇచ్చే, కొంతసేపే చెల్లే చీటీలు) తన్నొచ్చు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి పోయి "చెన్నై, కోల్‌కతా, ముంబయి, న్యూఢిల్లీ" అని ఉండే జోన్ పెట్టండి, తిరుపతి అని వెతకొద్దు, ఉండదు. తర్వాత సింక్ నౌ నొక్కండి. ఏళ్లకేళ్లు తేడా ఉంటే మాత్రం ముందు చేత్తో ఈరోజు తేదీ పెట్టి అప్పుడు సింక్ చేయండి.

డూప్లికేట్ కాబట్టి బ్లాక్ చేసినారు అనేది. డూప్లికేట్ వాడమని నేను చెప్పను, కానీ యాక్టివేట్ కాని విండోస్‌లో కూడా స్టోర్ తెరుచుకుంటుంది, ఉచిత యాప్‌లు దిగుతాయి, ఆగిపోయేది వాల్‌పేపర్, రంగులు మార్చుకునే పర్సనలైజేషన్ లాంటివి. మరి ఆ సిస్టమ్‌లలో స్టోర్ ఎందుకు పనిచేయదంటే, ఎవడో "లైట్ విండోస్, గేమ్స్ స్పీడుగా ఆడుతాయి" అని కోసి కుట్టిన కాపీ వేసుంటారు, అందులో స్టోర్‌కి కావాల్సిన సర్వీసులే, అంటే వెనకాల నడిచే చిన్న ప్రోగ్రాములే, పీకేసి ఉంటారు. ఒరిజినల్ విండోస్‌లో కూడా స్పీడ్ పెంచే టూల్స్ నడిపితే ఇదే గతి. సర్వీసెస్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ సైన్ ఇన్ అసిస్టెంట్ అని ఒకటి ఉంటుంది, అది డిసేబుల్డ్ అని ఉంటే సైన్ ఇన్ ఎట్ల అవుతుంది, మాన్యువల్‌లో పెట్టండి. విండోస్ అప్‌డేట్ సర్వీస్ ఆపేసినా స్టోర్ యాప్‌లు దిగవు, అప్పుడు కోడ్ చివర్లో 70422 వస్తుంది, అంటే సర్వీస్ ఆపి ఉందని అర్థం. అప్‌డేట్లు విసిగిస్తా ఉన్నాయని దాన్ని మనమే ఆపేసుంటాం, మర్చిపోయుంటాం.

ఫైర్‌వాల్ ఆపమన్నాడు చూడండి, అక్కడ నాకు నవ్వొచ్చింది. విండోస్ ఫైర్‌వాల్ సర్వీస్ ఆపేస్తేనే స్టోర్‌లో ఇన్‌స్టాల్ ఫెయిల్ అవుతుంది, 706డి9 అని చివర్లో ఉండే ఎర్రర్ అదే. అంటే లేని జబ్బుని తెచ్చిపెట్టే మందన్నమాట. యాంటీవైరస్ సంగతిలో మాత్రం ఇందాక చెప్పిన ఆ సగం మాట నిజం ఉంది. బయట కొన్న యాంటీవైరస్‌లు కొన్ని వెబ్ ట్రాఫిక్‌ని మధ్యలో విప్పి చూస్తాయి, దానివల్ల స్టోర్ అలిగిన సందర్భాలు ఉన్నాయి. రెండు నిమిషాలు ఆపి పరీక్షించి వెంటనే ఆన్ చేయండి, అంతే, "అందాకా" ఆపేసి కూర్చోవద్దు.

అకౌంట్ డిలీట్ అనేది వీటన్నిట్లో పెద్ద ప్రమాదం. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అంటే ఒక్క స్టోరే కాదు, వన్‌డ్రైవ్‌లో ఫైళ్లు, కొన్న యాప్‌లు, ఇంకా చాలామందికి తెలియనిది, బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ కూడా తరచుగా అందులోనే ఉంటుంది. ఏదో ఒకరోజు ల్యాప్‌టాప్ ఆ 48 అంకెల కీ అడిగితే అప్పుడు యాడ తెస్తారు? మూసేసినా 30 రోజులో 60 రోజులో గడువు ఉంటుంది, ఈ మెసేజ్ నమ్మి మూసేసినవాళ్లు ఉంటే ఇప్పుడే మళ్లీ లాగిన్ అయ్యి వెనక్కి తెచ్చుకోండి. అసలు అకౌంట్‌లో తప్పుందా అని తేల్చుకోవడం ఒక్క నిమిషం పని. ఫోన్లో బ్రౌజర్ తెరిచి మైక్రోసాఫ్ట్ సైట్లో అదే మెయిల్, అదే పాస్‌వర్డ్‌తో లాగిన్ అవ్వండి. అక్కడ అయిందంటే అకౌంట్ భేషుగ్గా ఉంది, తేడా కంప్యూటర్లోనో నెట్‌లోనో ఉంది.

నెట్ ప్లాన్ గురించి జాస్తి చెప్పను. సైన్ ఇన్‌కి పెద్ద స్పీడేమీ అక్కర్లేదు. ఫోన్ హాట్‌స్పాట్ కలిపి చూడండి, దాంట్లో అయ్యి ఇంటి వైఫైలో కాకపోతే రౌటర్ దగ్గరో డీఎన్ఎస్ దగ్గరో (సైట్ పేరుని నెట్ అడ్రస్ నంబరుగా మార్చి చెప్పేది) లోపం, డీఎన్ఎస్ 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెట్టి చూడండి, కోడ్ చివర్లో 72ఈఈ7 ఉంటే ముఖ్యంగా. హాస్టల్లో ఉండే పిల్లోళ్లకి ఇంకోటి, వైఫై గుర్తు నిండుగా ఉంటుంది గానీ బ్రౌజర్లో లాగిన్ పేజీ నింపేదాకా నెట్ రాదు, స్టోర్‌కి ఆ పేజీ కనపడదు పాపం, ఎర్రర్ కొడుతుంది. కాలేజీ ల్యాబ్ కోసం పెట్టిన ప్రాక్సీ (నెట్‌ని మధ్యలో ఇంకో కంప్యూటర్ గుండా పంపే సెట్టింగ్) ఇంటికొచ్చినా తీయకుండా వదిలేసేవాళ్లు కూడా వారానికి ఒకరు వస్తారు నా దగ్గరికి.

ఇక ఆ లింకు. స్టోర్ విండోస్‌తోనే వస్తుంది, ఎవడో దారిన పోయేవాడు పంపితే వేసుకునేది కాదు. చెడిపోతే బాగుచేసే సామాను కూడా లోపలే ఉంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్‌లో డబ్ల్యూఎస్‌రీసెట్ (wsreset) అని ఇంగ్లీషులో కొట్టండి, ఒక నల్ల డబ్బా వచ్చి ఒక్క అక్షరం కూడా లేకుండా బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటుంది, హ్యాంగ్ అయిందని మూసేయొద్దు, దానంతట అదే పోయి స్టోర్ తెరుచుకుంటుంది. అప్పటికీ కాకపోతే సెట్టింగ్స్, యాప్స్, మైక్రోసాఫ్ట్ స్టోర్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ముందు రిపేర్, దానికీ లొంగకపోతే రీసెట్. రీసెట్ చేస్తే మళ్లీ సైన్ ఇన్ అడగొచ్చు గానీ వేసుకున్న యాప్‌లు ఎక్కడికీ పోవు.

లింకు నొక్కి ఆ సెటప్ నడిపేసినవాళ్లు ఉంటే సిగ్గుపడాల్సిన పన్లేదు, మా చిన్నాయనే నొక్కినాడు. ముందు నెట్ తీసేయండి, పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్లో కాకుండా ఫోన్లో మార్చండి, బ్యాంకువి మొదట. తర్వాత విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి, రీస్టార్ట్ అయ్యి ఒక పావుగంట తీసుకుంటుంది. అందులో ఏమన్నా పట్టుబడితే అప్పుడు ఫోటోలు వేరేగా దాచుకోని రండి, ఫార్మాట్ గురించి అప్పుడు మాట్లాడదాం.