శాలువాల వెనకున్న పని కూడా చూడండి

లయన్స్ లాంటి సర్వీస్ క్లబ్బులంటే శాలువాలు, ఫొటోలు, భోజనాలేనని ఒక వ్యాసంలో రాశారు. చదివి బాధేసింది. మాది మల్కాజిగిరి వైపు చిన్న లయన్స్ క్లబ్బు. ఎండాకాలం కాలేజీలకు సెలవులివ్వగానే రక్తదాతలు తగ్గిపోతారు. తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారవని జబ్బు) ఉన్న పిల్లలకు మాత్రం రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. అందుకే మా శిబిరం మే నెలలోనే పెడతాం. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి రక్తం ఇవ్వొచ్చని ఇంటింటికీ తిరిగి చెప్తాం.

నేత్రదానం ఇంకా కష్టం. 1925లో చూపు, వినికిడి లేని అమెరికా రచయిత్రి హెలెన్ కెల్లర్ అంధుల కోసం నిలబడమని లయన్స్‌ను అడిగారు, అప్పటి నుంచీ అది మా పనే. చనిపోయాక ఆరు గంటల్లోపు కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, తీసుకోవాలి. ఏడుస్తున్న ఇంట్లో ఆ మాట ఎత్తాలంటే నోరు రాదు.

ఇక భోజనాలంటారా, నిజమే, నెలకోసారి కలిసి తింటాం. మా నాన్నగారు పోయినప్పుడు అర్ధరాత్రి ఐస్‌బాక్స్ తెచ్చింది, తెల్లారేదాకా మా అమ్మ పక్కన కూర్చుంది ఆ భోజనాల దగ్గర పరిచయమైనవాళ్లే. నాన్న కళ్లు ఇద్దామా అని మెల్లగా అడిగిందీ వాళ్లే. ఇచ్చాం.