ముందు చదవాలా, ముందు నడపాలా?

(1982లో వచ్చిన ఇంటి కంప్యూటర్ కమొడోర్ 64. దాని పాత ఆట ఒకటి ఫైలుగా చేతికొచ్చింది. అక్క ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్ తెరిచింది, తమ్ముడు పాత యంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటర్ తెరిచాడు.)

తమ్ముడు: ఆట దొరికితే ఆడాలి గానీ పంచనామా చేస్తారా అక్కా? ఎమ్యులేటర్‌లో వేస్తే క్షణంలో సంగతి తేలిపోతుంది.

అక్క: తెర మీద బొమ్మ తేలుతుంది, అంతే. ఫైలులోని బైట్లను హెక్సు అంకెల్లో, అంటే పదహారు ఆధారంగా లెక్కించే అంకెల్లో చూపే ఎక్స్‌ఎక్స్‌డీ కమాండుతో మొదటి పద్నాలుగు బైట్లు చూడు: 01 08 0బి 08 0ఎ 00 9ఇ 32 30 36 31 00 00 00. మొదటి రెండింటినీ తిరగేసి చదివితే 0801. మెమరీలో ఫైలు దిగే చోటు అది, బేసిక్ భాషలో రాసిన ప్రోగ్రాములు మొదలయ్యేదీ అక్కడే. 9ఇ అంటే సిస్ అనే ఆజ్ఞ, మెమరీలో చెప్పిన చోట ఉన్న కోడును నడపమని. దాని వెనకే 32 30 36 31, అవి 2061 అనే అంకెల కోడ్లు. అంటే 10 (0ఎ) నంబరు లైనులో ‘సిస్ 2061’, బేసిక్ మొత్తం అదే. హెక్సులో 2061 అంటే 080డి, సరిగ్గా ఈ పద్నాలుగు బైట్లు అయిపోయిన చోటు. ఇంట్లో అడుగు పెట్టకుండానే గుమ్మం దొరికింది.

తమ్ముడు: గుమ్మం చూస్తే ఇల్లు చూసినట్టా? ఫైలులో చదవగలిగే అక్షరాలను ఏరి చూపే స్ట్రింగ్స్ కమాండు కొట్టాను. ఆట పేరైనా రాలేదు.

అక్క: ఎలా వస్తుంది? తెర మెమరీలో నేరుగా రాసే అక్షరాలకు ఆ యంత్రంలో వేరే సంఖ్యలు. ఎ అంటే 1, బి అంటే 2. స్ట్రింగ్స్ వాటిని అక్షరాలుగా లెక్కే చేయదు. ఒక గుర్తు బదులు ఇంకోటి పెట్టే టీఆర్ కమాండుతో 1 నుంచి 26 వరకు అక్షరాలుగా మార్చి అప్పుడు కొట్టు.

తమ్ముడు: అలాగే కొట్టాను, అప్పుడూ చెత్తే! ఫైలును కుదించారు అక్కా. ఆ ఫ్లాపీ డ్రైవు నత్తనడక తెలిసినవాళ్లు కుదించక ఏం చేస్తారు? నీ గుమ్మం వెనక ఉన్నది మూట విప్పే కోడు మాత్రమే. ప్రోగ్రాము నడిస్తేనే మూట విడుతుంది.

అక్క: (కాసేపు ఆగి) అది నిజమే. మరి నువ్వేం చేశావు?

తమ్ముడు: వైస్ అనే ఈ ఎమ్యులేటర్‌లో మానిటర్ ఉంది కదా, ప్రోగ్రామును మధ్యలో ఆపి మెమరీ చూసే సాధనం. మూట విప్పడం అయ్యాక అసలు ఆటలోకి దూకే చోట ఆపి, మెమరీని ఫైలుగా దించాను. ఆట పేరు అందులో శుభ్రంగా ఉంది.

అక్క: బాగుంది. ఎక్కడ ఆపాలో ఎలా తెలిసింది?

తమ్ముడు: ఆ... పద్నాలుగు బైట్ల తర్వాతి కోడు చదివాను.

అక్క: చదివావా! ఇంకోసారి అను. పేరు ఏ కమాండుతో కనిపించింది?

తమ్ముడు: టీఆర్ వేశాకే.