ర్యాంకులు ఇచ్చే ముందు ఊళ్లను విడదీయండి

ఏ ఊళ్లో నీళ్ల సరఫరా ఎంత బాగుందో చెప్పే ర్యాంకులు వచ్చినప్పుడల్లా బెజవాడ వాళ్లూ గుంటూరు వాళ్లూ వాట్సాప్‌లో కొట్టుకుంటుంటారు. అసలు ఈ రెండూ ఒకే బాపతు ఊళ్లా? బెజవాడలో మనకు కృష్ణ గుమ్మం ముందే ఉంది, ప్రకాశం బ్యారేజీ ఎగువన తోడుకుంటాం. గుంటూరు అవే నీళ్లను అంత దూరం నుంచి తెచ్చుకోవాలి. తెచ్చేది దగ్గర్నుంచా, దూరాన్నుంచా, బోర్లా, నదా, పల్లమా, మెరకా, ఇవి చూసి ముందు ఊళ్లను గుంపులు చెయ్యాలి, ఆ తర్వాతే పోటీ.

అంతదాకా ఎందుకు, బెజవాడలోనే కింద ఉన్న పటమటా, మొగల్రాజపురం కొండ మీది ఇళ్లూ ఒకటేనా? కొండకి పంపుతో ఎక్కించాలి, కింద ఇళ్లవాళ్లు కుళాయికే మోటారు బిగించి లాగేస్తుంటే పైన బిందె నిండేలోపే ధార సన్నబడిపోతుంది, ఇక ఆ మెట్ల మీద ఆడవాళ్లు బిందెలు మోసుకుంటూ ఎక్కాల్సిందే. సగటు తీస్తే మాత్రం ఊరు మొత్తం హాయిగా ఉన్నట్టే!

కేంద్రం 2008లోనే నీళ్లకి తొమ్మిది కొలమానాలు పెట్టింది. మనిషికి రోజుకు 135 లీటర్లు, 24 గంటల సరఫరా, అన్ని కనెక్షన్లకీ మీటర్లు, లీకుల్లోనో దొంగ కనెక్షన్లలోనో లెక్కకు రాకుండా పోయే నీళ్లు 20 శాతం లోపు, ఇలాంటివి. బాగానే ఉంది. కానీ ఇంటింటికీ మీటరే లేనప్పుడు ఎంత పోయిందో ఎలా తెలుస్తుంది? ఆఫీసులో కూర్చుని అంచనా వేసిన అంకె, నిజంగా కొలిచిన అంకె ఒకే పట్టికలో పక్కపక్కన కూర్చుంటే, కొలిచి నిజం చెప్పిన ఊరే వెనకబడినట్టు కనిపిస్తుంది.

24 గంటల సంగతి కూడా సౌకర్యం కోసం అనుకుంటారు చాలామంది. నీళ్లు ఆపగానే పైపులో ఒత్తిడి పోతుంది, పక్కనే మురుగు కాలువ ఉండి పైపుకి చిన్న పగులుంటే ఆ మురుగుని లోపలికి పీల్చుకుంటుంది. 2018లో గుంటూరు ఆనందపేటలో తాగునీళ్లు కలుషితమై అతిసారంతో ప్రాణాలు పోయాయి, మర్చిపోయామా? పూరీలో 2021 నుంచి 24 గంటలూ కుళాయి నీళ్లే తాగేలా ఇస్తున్నారు. పోల్చుకోవాలంటే ర్యాంకుతో కాదు, ఈ పనితో పోల్చుకోండి.

నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రతి ట్యాంకు కింద చివరి కుళాయి దగ్గర నీళ్లు ఎన్నింటికి వచ్చాయి, ఎంతసేపు వచ్చాయి, క్రిముల్ని చంపే క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉందా లేదా, ఇంతే. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరుగుతుంది, అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఆ లెక్క రోజూ వార్డు సచివాలయం గోడకి అతికించమనండి. అప్పుడు ర్యాంకులు మేమే వేసుకుంటాం.