ల్యాప్‌టాప్‌లో నడిచింది ల్యాబ్‌లో ఎందుకు ఆగింది?

తిరుపతి ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టులంటే పైథాన్ ప్యాకేజీలను (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్‌ను) వేసుకోవడానికి పిప్ అనే టూల్ చాలా, పోయెట్రీ కావాలా, వీటికంటే కొత్తదైన యూవీ (uv)కి మారాలా అన్న వాదన తప్పదు. వాదనంతా వేగం మీదే సాగుతుంది. చిత్తూరు తోతాపురి మామిడి ధరలు అంచనా వేసే ప్రోగ్రామును విండోస్ ల్యాప్‌టాప్‌లో రాసి, వైవా రోజు ల్యాబ్‌లోని ఉబుంటు లైనక్స్ మీద చూపించాలనుకోండి. అక్కడ కూడా అవే వెర్షన్లు దిగుతాయా? టూల్‌ను ఎంచుకోవాల్సింది ఈ ప్రశ్నతోనే.

మెషీన్‌లో ఉన్న ప్యాకేజీల జాబితా రాసిచ్చే పిప్ ఫ్రీజ్ కమాండ్ ఇక్కడే దెబ్బతీస్తుంది. మీరు అడిగి వేసుకున్నదీ, దాని వెంట వచ్చిందీ తేడా లేకుండా ఒకే జాబితాలో పోసేస్తుంది. విండోస్‌లో మాత్రమే పనిచేసే పైవిన్32 ప్యాకేజీ అందులో ఒక్కటుంటే చాలు, ఉబుంటులో ఇన్‌స్టాలేషన్ మొత్తం ఆగిపోతుంది. పోనీ జాబితా చేత్తో రాద్దామని, డేటా పట్టికలకు వాడే పాండాస్ ప్యాకేజీకి 2.0.3 అని ఒక్క వరుస రాస్తే ఇంకో చిక్కు. తాను ఆధారపడే నంపై (లెక్కల ప్యాకేజీ) ఇంతకంటే పాతది కాకూడదని ఆ వెర్షన్ చెబుతుందే గానీ, ఇంతకంటే కొత్తది వద్దని చెప్పదు. 2024 జూన్‌లో నంపై 2.0 వచ్చాక పిప్ కొత్తదాన్నే తెచ్చిపెడుతుంది. పాత నంపై మీద కంపైలైన పాండాస్ ఇంపోర్ట్ దగ్గరే కూలబడుతుంది, మీ కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా.

మందు లాక్ ఫైలు. ప్రతి ప్యాకేజీ కచ్చితమైన వెర్షన్, హ్యాష్ (ఫైలు మారలేదని తేల్చే గుర్తు), ఏది ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కో అన్నీ అందులో ఉంటాయి. పోయెట్రీ, యూవీ రెండూ దాన్ని రాస్తాయి. పోయెట్రీలో సాఫీగా నడుస్తున్న ప్రాజెక్టును కదపడం దండగ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం నా ఓటు యూవీకే, ఎందుకంటే పైథాన్‌నూ అదే తెచ్చుకుంటుంది. మొదటే పైథాన్ వెర్షన్ 3.11 అని పిన్ చేస్తే (ఖరారు చేస్తే) ల్యాబ్ మెషీన్‌లో ఏ పైథాన్ ఉందోనన్న బెంగ ఉండదు. ప్యాకేజీలను యూవీ యాడ్ కమాండ్‌తో చేర్చండి, లాక్ ఫైలును కోడ్‌తో పాటు గిట్‌లో పెట్టండి, ప్యాకేజీలు దిగే వెన్వ్ (.venv) ఫోల్డర్‌ను పెట్టకండి. ల్యాబ్‌లో యూవీ సింక్ కమాండ్‌కు లాక్డ్ (--locked) ఆప్షన్ జోడించి నడపండి. లాక్ ఫైలు పాతబడి ఉంటే అది గుట్టుగా మార్చేయకుండా ఎర్రర్ చూపిస్తుంది.

మెషీన్ లెర్నింగ్‌కు వాడే పైటార్చ్ ప్యాకేజీ కావాలంటే మరో జాగ్రత్త. లైనక్స్‌లో మామూలుగా వేస్తే ఎన్విడియా జీపీయూకు అవసరమైన CUDA లైబ్రరీలతో కలిపి గిగాబైట్లు దిగుతాయి. జీపీయూ లేని ల్యాబ్‌కు అంత బరువెందుకు? సీపీయూకు సరిపోయే పైటార్చ్ దొరికే ఇండెక్స్ (డౌన్‌లోడ్ చిరునామా)ను ప్రాజెక్టు ఫైల్లోనే రాయండి.

ల్యాబ్‌లో నెట్ లేకపోతే పిప్ డౌన్‌లోడ్‌కు లైనక్స్ ప్లాట్‌ఫామ్, పైథాన్ వెర్షన్, బైనరీలు మాత్రమే అన్న ఆప్షన్లు ఇచ్చి వీల్ ఫైళ్లు (ఇన్‌స్టాల్‌కు సిద్ధంగా ఉన్న ప్యాకేజీలు) ముందే దించుకోవాలి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేముందు వాటి పేర్ల చివర చూడండి: ‘ఎనీ’ (any) ఉంటే ఎక్కడైనా సరే, ‘విన్’ (win) ఉంటే ఉబుంటులో ఎక్కదు.