ఆరు ఉలుల సెట్టుగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆరు ఉలుల సెట్టుగారి సముఖమునకు,

బెజవాడలో కొలిమి పెట్టుకుని ఉలులు, చిత్రికలు చేసుకు బతికేవాళ్లం నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరు వన్‌టౌన్ హార్డ్‌వేర్ కొట్లలో ప్లాస్టిక్ సంచీలోకి మెడదాకా దూరి, పసుపుపచ్చ పిడులతో కొక్కేనికి వేలాడుతూ క్షేమంగా ఉన్నారని తెలిసి సంతోషం. శెట్టిగారు కాదు, సెట్టుగారే. అయినా కొట్లో మర్యాద కొట్టు యజమాని కంటే తమరికే ఎక్కువ.

ముందు తమరి మెరుపు సంగతి. కొనేవాడు మిమ్మల్ని సంచీలోంచి లాగి, లైటు కింద అటూ ఇటూ తిప్పి, అందులో తన మొహం కనిపిస్తే "సరుకు బాగుంది" అంటాడు. ఆ మొహం కనిపించడానికే మిమ్మల్ని బఫింగ్ చక్రానికి అదిమి పట్టారు. మెత్తటి గుడ్డ చక్రం అంచుల్ని ఎక్కువ తింటుంది, మధ్యను తక్కువ తింటుంది. దాంతో అంచులు జారి, వీపు ఉబ్బుతుంది. ఉలికి వీపే ప్రాణం. వాదర, అంటే కోసే అంచు, నుంచి రెండంగుళాల మేర పలకలా సమంగా ఉంటేనే బెజ్జం గోడ నిటారుగా తెగుతుంది, లేదంటే ఉలి తన దారిన తాను పోతుంది. మేము మందపాటి అద్దం మీద ఎమరీ కాగితం పరిచి 120, 220, 400 నంబర్ల వరసలో వీపు రుద్దుతాం. వెడల్పు ఉలికి గంట పట్టినా పడుతుంది. ఇంతా చేస్తే తేలేది మసక బూడిదరంగు. "సెకండ్ హ్యాండా అండీ?" అని అడుగుతారు.

ఇక పుట్టుక. తమరిది ఏ ఫ్యాక్టరీయో సంచీ మీదైనా ఉంటుంది. మా ఉలి ఏ వంశమో మాకే తెలియదు. తెలిసిన రకం ఉక్కు కొత్తది కొందామంటే స్టాకిస్టు టన్నుల్లో మాట్లాడతాడు, మాకు కావలసింది ఇరవై కిలోలు. కాబట్టి ఆటోనగర్‌లో కాటా వేసి అమ్మే పాత లారీ కమాన్ కట్టలే, అంటే కుదుపులు ఆపే స్ప్రింగు పట్టీలే దిక్కు. మంచి ఉక్కే, కానీ క్రోమియం కలిపిందో సిలికాన్ కలిపిందో దాని మీద రాసి ఉండదు. పైగా ఏళ్ల తరబడి లోడు మోసి, కంటికి కనపడని బీటలు పట్టి ఉంటుంది. పట్టీని కిరసనాయిలులో నానబెట్టి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లితే బీట ఉన్నచోట తడిగీత తేలుతుంది. ఆ ముక్క పక్కన పడేయాలి. మిగిలినదాంట్లోంచి వేలెడు ముక్క కోసి, కాల్చి, నూనెలో ముంచి, సుత్తితో విరగ్గొట్టి చూడాలి. విరుగు పట్టుగుడ్డలా సన్నటి బూడిదరంగులో ఉంటే సరే. పంచదార పలుకుల్లా మెరిస్తే కాక ఎక్కువైనట్టు. చూశారా, ఇక్కడ కూడా మెరుపు మంచి శకునం కాదు.

కాల్చడం ఇంకో తంతు. సుమారు 770 డిగ్రీల దగ్గర ఇనుముకి అయస్కాంతం అంటదు. అక్కణ్ణుంచి ఇంకాస్త ఎర్రబారనిచ్చి, 50, 60 డిగ్రీల గోరువెచ్చటి నూనెలో నిలువుగా దించాలి. చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని నెమ్మదిగా లాగుతుంది. నీళ్లలో ముంచితే ఈ ఉక్కు పగులుతుంది. ఏటవాలుగా దించితే అరటికాయలా వంగుతుంది, గంటసేపు రుద్దిన వీపంతా గంగలో కలుస్తుంది. తర్వాత 200 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు కాగనిస్తే, పెళుసుతనం తగ్గి ఎండుగడ్డి రంగు తిరుగుతుంది. నీలిరంగు దాకా పోతే వాదర మెత్తబడినట్టే.

ఆ నీలిరంగు తెప్పించే పని మేస్త్రీలే చూసుకుంటారు, అది వేరే విషయం. కొన్న మర్నాడే పొడి గ్రైండర్ మీద అదిమితే, నాలుగు క్షణాల్లో కొన నీలం. "మీ ఉలి మెత్తనండీ, ఒక్క చట్రానికే పోయింది" అని తెచ్చి బల్ల మీద పడేస్తారు. కొన వేడెక్కక ముందే నీళ్లలో ముంచుతూ సానపట్టమని చెబితే వినేదెవరు? తమరి విషయంలో ఈ గొడవే లేదు. మొదటి నుంచీ మెత్తన కాబట్టి ఎవరూ తేడా గమనించరు.

పిడి విషయంలో మాత్రం తమరిదే పైచేయి, ఒప్పుకుంటాం. ప్లాస్టిక్‌కి రోహిణి కార్తె లేదు. మా తుమ్మ పిడి సరిగ్గా ఆరకుండా బిగిస్తే మే నెల ఎండకి చిక్కిపోయి, దాని చుట్టూ బిగించిన పొన్ను (లోహపు కడియం) వేలికి ఉంగరంలా జారిపోతుంది. అంగుళం మందానికి ఏడాది నీడన ఆరబెట్టాలంటారు. ఆ ఏడాది కర్ర మీద ఇరుక్కున్న డబ్బుకి వడ్డీ ఎవరిస్తారో మాత్రం ఎవరూ అనరు.

సర్కారువారి లెక్కలు కూడా తమరికే అచ్చొచ్చాయి. ఒకే కమాన్ కట్టని రెండు ముక్కలు చేసి, ఒకటి కొడవలి సాగగొడితే వ్యవసాయ పనిముట్టని జీఎస్టీ సున్నా. రెండోది ఉలి చేస్తే 18 శాతం. కోదాడ నుంచి ఒక మేస్త్రీ ఫోన్ చేసి ఉలి పంపమంటే, జగ్గయ్యపేట దాటగానే అది పరాయి రాష్ట్రానికి సరఫరా. 2014కి ముందు పక్క ఊరు, ఇప్పుడు రిజిస్ట్రేషన్ కావాలి, అమ్మకం ఎంత చిన్నదైనా సరే. పోనీ చిన్న వ్యాపారులు తేలిగ్గా పన్ను కట్టే కాంపోజిషన్ స్కీములో చేరదామంటే, అందులో ఉన్నవాళ్లు రాష్ట్రం దాటి అమ్మకూడదు. కోదాడ ఆయన వన్‌టౌన్ తరహా కొట్టుకెళ్లి మిమ్మల్నే కొనుక్కుంటాడు.

2023 సెప్టెంబరులో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో సుత్తులు, పనిముట్లు చేసేవాళ్లని కూడా చేర్చారు. సంతోషం. వడ్రంగికి పనిముట్ల కోసం 15,000 రూపాయల వోచరు ఇస్తారు. అది మా కొలిమి దగ్గర చెల్లితే ఇంకా సంతోషం.

మమ్మల్ని ఇంకా నిలబెడుతున్నది తమరు చేయలేని పని ఒక్కటే. కొండపల్లిలో బొమ్మలు చెక్కే తెల్ల పొణికి కర్ర మహా మెత్తన. మొండి వాదర దాన్ని కోయదు, నలుపుతుంది. దానికి 20 డిగ్రీల సన్నటి వాలు కావాలి. సంచీలో వచ్చే తమరి వాలు టేకుకి సరిపోతుందేమో గానీ, బొమ్మ ముక్కు దగ్గర పనికిరాదు. కాకపోతే ఆ ఊరి గిరాకీతో ఎన్ని కొలుములు మండుతాయి?

చివరగా ఒక మనవి. తమరి ఆరుగురిలో అరంగుళం, ముప్పావంగుళం వాళ్లిద్దరే పనిచేస్తారు, మిగతా నలుగురూ సంచీలో ఖాళీగా ఉంటారు. పెయింటు డబ్బాల మూతలు లేపే డ్యూటీ ఆ నలుగురిలో ఎవరో ఒకరు పుచ్చుకోవలసింది. ప్రస్తుతం ఆ పని మా ఉలులతో చేయిస్తున్నారు, మూలలు ఎగిరిపోతున్నాయి.

ఇట్లు,
కొక్కేనికి వేలాడనివాళ్లం