పరుగెత్తి పాలు తాగినవాడికి పద్దెనిమిది ఓట్లు

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ మాట అమెరికా బేస్‌బాల్ రచయితల సంఘం చెవిన ఎవరు వేశారోగానీ, 2013లో వాళ్లు దాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. ఆ ఏడాది హాల్ ఆఫ్ ఫేమ్ (గొప్ప ఆటగాళ్ల గౌరవ మందిరం) ఎన్నికలో 569 మంది ఓటేస్తే, మైదానం మధ్య వెనకభాగాన్ని కాచే సెంటర్‌ఫీల్డర్ కెన్నీ లాఫ్టన్‌కి పడ్డవి 18. అంటే 3.2 శాతం. 5 శాతం రానివాళ్ల పేరు మరుసటి ఏడాది నుంచి ఆ జాబితాలో ఉండదు. ఇంకో 11 ఓట్లు పడుంటే రెండో ఏడాది కూడా ఓడిపోయే హక్కయినా దక్కేది. మన దగ్గర ఎమ్మెల్యే ఎన్నికల్లో ఇండిపెండెంటుకి బంధువుల ఓట్లే ఇంతకంటే ఎక్కువ పడతాయి.

మిగతా 551 మందిని తప్పుపట్టే సాహసం ఈ వ్యాసానికి లేదు. సంఘంలో పదేళ్ల సభ్యత్వం ఉంటేగాని ఆ ఓటు హక్కు రాదు. పదేళ్లు ప్రెస్ బాక్సులో కూర్చున్న మనిషికి కూర్చోవడం విలువ తెలుస్తుంది. పరుగెత్తేవాణ్ణి చూస్తే ఒళ్లు మండడం సహజం.

అసలు లాఫ్టన్ నడవడికే బాగాలేదు. అరిజోనా యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ ఆడి, 1988లో ఫైనల్ ఫోర్ దాకా, అంటే కాలేజీల జాతీయ టోర్నీ సెమీఫైనల్స్ దాకా వెళ్లాడు. అక్కడ ఆడిన బేస్‌బాల్ మ్యాచులు ఐదంటే ఐదు. ఆ కాళ్లు చూసి హ్యూస్టన్ జట్టు, కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, 17వ రౌండులో తీసుకుంది. 1991 చివర్లో ఒక క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు), ఒక పిచర్ (బంతి విసిరేవాడు) వస్తే చాలనుకుని, ఇంకో ఆటగాణ్ణి కూడా కలిపి క్లీవ్‌లాండ్‌కి ఇచ్చేసింది. మరుసటి ఏడాదే 66 బేసులు దొంగిలించాడు. బేసులంటే రన్నర్ వరసగా చేరాల్సిన మజిలీలు; పిచర్ బంతి వేస్తుండగానే తర్వాతిదానికి పరుగెత్తి చేరడమే దొంగతనం. తర్వాత 70, 60, 54, 75. ఐదేళ్లూ, రెండు పెద్ద లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో మొదటి దొంగ ఇతనే. అందులో ఆ 60, ఆటగాళ్ల సమ్మె వల్ల ఆగస్టులోనే ఆగిపోయిన 1994 సీజన్లో, 112 మ్యాచుల్లో. కెరీర్ మొత్తంలో 622 దొంగతనాలు, దొరికిపోయినవి 160.

దొంగతనంలో ఏముంది, ఎవడైనా చేస్తాడు అనేవాళ్ల కోసం చిన్న లెక్క. బేసుకీ బేసుకీ మధ్య 90 అడుగులు. పిచర్ కదలిక మొదలైనప్పటి నుంచి బంతి క్యాచర్ గ్లవ్‌లో పడేదాకా సుమారు 1.3 సెకన్లు. క్యాచర్ లేచి రెండో బేసుకి విసరడానికి ఇంకో రెండు. మొత్తం 3.3. మొదటి బేసు వదిలి ఓ పన్నెండు అడుగులు ముందుకి జరిగి నిలబడితే మిగిలేది 78. కుడిచేతి పిచర్ అయితే కళ్లు అతని మడమల మీద ఉండాలి. ఎడమకాలు ముందు లేస్తే బంతి బ్యాటర్‌కే, ఇక పరుగే. కుడి మడమ ముందు లేచిందంటే బంతి మనమీదికే వస్తోంది, వెనక్కి దూకాలి. ఎడమచేతి పిచర్‌తో ఈ సుఖం కూడా లేదు, సరిగ్గా మన మొహంలోకి చూస్తూ నిలబడతాడు. పావు సెకను సందేహిస్తే అవుట్. దొరికిపోతే పోయేది బేసు ఒక్కటే కాదు, ఆ రన్నరూ పోతాడు, జట్టు ఖాతాలో ఒక అవుటూ పడుతుంది. అందుకే నాలుగుసార్లలో దాదాపు మూడుసార్లు గెలవకపోతే ఈ దొంగతనం వల్ల జట్టుకి నష్టమే. లాఫ్టన్ గెలిచింది నూటికి 79 పైచిలుకు.

ఇక అసలు ఘోరం 1995 అక్టోబర్ 17న జరిగింది. సియాటిల్ కింగ్‌డోమ్, అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్ ఆరో మ్యాచ్, ఎనిమిదో ఇన్నింగ్స్. క్లీవ్‌లాండ్ 1-0 ముందుంది. పిచర్ రాండీ జాన్సన్. ఆరడుగుల పది అంగుళాల ఎడమచేతి వాటం మనిషి. అతని బంతిని మామూలు మానవులు చూడ్డమే కష్టం. లాఫ్టన్ మర్యాదగా బంట్ పెట్టి, అంటే బంతికి బ్యాటు ఆనించి, మొదటి బేసు చేరాడు. ముందున్న రన్నర్ రూబెన్ అమారో మూడో బేసుకి వెళ్లాడు. అంతటితో ఊరుకోవచ్చుగా? జాన్సన్ కళ్లెదుటే రెండో బేసు దొంగిలించాడు. తర్వాత ఒక బంతి క్యాచర్ డాన్ విల్సన్ గ్లవ్‌కి తగిలి పక్కకి పోయింది. క్రికెట్లో కీపర్ బంతి వదిలేస్తే బైస్ వస్తాయి కదా, అలాంటిదే. ఇలాంటప్పుడు మూడో బేసు మీదున్నవాడు ఇంటికి, అంటే బ్యాటర్ నిలబడే చివరి బేసుకి, వచ్చి రన్ను తేవాలి, రెండో బేసు మీదున్నవాడు మూడో బేసుకి వెళ్లి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడాలి. అదీ పద్ధతి, అదీ సంస్కారం. అమారో వచ్చాడు. లాఫ్టన్ మూడో బేసు దగ్గరికి వచ్చాడు, దాన్ని తొక్కాడు, ఆగలేదు. విల్సన్ బంతి దగ్గరికి వెళ్లి వచ్చేలోపు 180 అడుగులూ పరుగెత్తి అమారో వెనకాలే ఇల్లు చేరాడు. బ్యాటర్ బంతిని ముట్టుకోలేదు. 1-0 ఉన్నది 3-0 అయింది. ఆ తర్వాత బయేర్గా హోమ్ రన్ (గోడ దాటే దెబ్బ, క్రికెట్లో సిక్సర్ లాంటిది) కొట్టాడు, మ్యాచ్ 4-0. 1954 తర్వాత క్లీవ్‌లాండ్ వరల్డ్ సిరీస్ (రెండు లీగుల విజేతల మధ్య తుది పోరు) మొహం చూసింది అప్పుడే.

ఈ పరుగుకి స్కోరు పుస్తకంలో ఏం రాశారు? పాస్డ్ బాల్. విల్సన్ పేరు మీద ఒక మచ్చ, లాఫ్టన్ పేరు మీద ఒక రన్ను. అది దొంగతనం కింద రాదు, ఎవరి ఆర్‌బీఐ (బ్యాటర్ కొట్టి తెప్పించిన రన్నుల లెక్క) ఖాతాలోనూ పడదు. 1996 ఆగస్టు 4న బాల్టిమోర్ మీద సర్‌హాఫ్ కొట్టిన హోమ్ రన్‌ని గోడ ఎక్కి అవతలి నుంచి లాక్కొచ్చాడు. దానికి పుస్తకంలో గుర్తు ఎఫ్-8, అంటే సెంటర్‌ఫీల్డర్ పట్టిన క్యాచ్. మధ్యలో నిలబడ్డవాడి చేతిలోకి వచ్చి పడే ఉత్త క్యాచ్‌కి కూడా గుర్తు ఎఫ్-8. వేగం చేసే ఇలాంటి పనులకి స్కోరు పుస్తకంలో గడి లేదు. హోమ్ రన్‌కి మాత్రం ఉంది. కొట్టినవాడు తీరిగ్గా, ఊరేగింపులో పెళ్లికొడుకులా నాలుగు బేసులూ తిరిగి వస్తాడు.

బ్యాటూ, గ్లవ్వూ, కాళ్లూ అన్నీ కలిపి తూచి, ఆటగాడు జట్టుకి అదనంగా ఎన్ని గెలుపులు తెచ్చాడో చెప్పే వార్ అనే లెక్క ఒకటుంది. అందులో లాఫ్టన్‌ది 68. టోనీ గ్విన్‌ది 69, అతనికి 97.6 శాతం ఓట్లు పడ్డాయి. ఆండ్రే డాసన్‌ది 65 కంటే తక్కువ, అతనూ హాల్‌లోనే ఉన్నాడు. ఇద్దరూ అర్హులే, పేచీ లేదు.

పేచీ ఎక్కడంటే, ఒక్కొక్కరు పది పేర్లు రాయొచ్చు. పది! ఆ 569లో ఐదుగురు ఖాళీ కాగితాలు పంపారు. ఆ ఖాళీ కాగితం కూడా లెక్కలోకి వస్తుంది, 5 శాతం గీతను ఇంకాస్త పైకి జరుపుతుంది. బాండ్స్, క్లెమెన్స్ అనే ఇద్దరు పెద్ద ఆటగాళ్లు సత్తువ పెంచే డ్రగ్స్ వాడారా లేదా అని ఏడాదంతా ధర్మపన్నాలు వల్లించి, వాళ్లకి ఒక్కొక్కరికి 36, 37 శాతం ఓట్లేసి మరుసటి ఏడాదికి భద్రంగా పంపారు. ఆ గొడవలో లేని మనిషిని, పదకొండు పోస్ట్‌సీజన్లు (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోటీలు) ఆడి, పోస్ట్‌సీజన్‌లో 34 బేసులు దొంగిలించి రికార్డు పెట్టిన మనిషిని, మొదటి రోజే గెంటేశారు. చర్చించి గెంటినా బాధుండదు. చూడనే లేదు! 808 బేసులు దొంగిలించిన టిమ్ రెయిన్స్‌కి కూడా మొదటిసారి 24 శాతమే వచ్చాయి. కానీ అతనికి పదేళ్లు దొరికాయి. పదేళ్లు జనం వాదించారు, లెక్కలు చూపించారు, చివరికి 2017లో ఈ పెద్దమనుషులే 86 శాతం ఓట్లేసి భుజాలు తట్టుకున్నారు. లాఫ్టన్ కోసం వాదించడానికి రెండో ఏడాదే లేకుండా చేశారు. సిగ్గుండాలి.

సరే, మళ్లీ మర్యాదలోకి వద్దాం. నిలబడడం నేర్పే ప్రయత్నం 2007లోనే ఒకసారి జరిగింది. బోస్టన్‌లో అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్ ఏడో మ్యాచ్, ఏడో ఇన్నింగ్స్, క్లీవ్‌లాండ్ 2-3 వెనక. లాఫ్టన్‌కి నలభై ఏళ్లు. బోస్టన్ ఫీల్డర్ లూగో క్యాచ్ వదిలేయడంతో రెండో బేసు చేరాడు. గుటియెరెజ్ కొట్టిన బంతి మూడో బేసు పక్క గోడకి తగిలి లెఫ్ట్ ఫీల్డ్‌లోకి దొర్లింది. లాఫ్టన్ మూడో బేసు దగ్గరికి వచ్చేసరికి కోచ్ స్కిన్నర్ రెండు చేతులూ ఎత్తి ఆపేశాడు. ఆగాడు. తర్వాతి బ్యాటర్ బ్లేక్ కొట్టిన బంతికి డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు అవుట్), ఇన్నింగ్స్ ఖతం. బోస్టన్ 11-2తో గెలిచింది. లాఫ్టన్‌కి అదే ఆఖరి మ్యాచ్.

నిలబడ్డాడు కదా, నీళ్లయినా ఎవరైనా ఇచ్చారో లేదో.